తప్పెవరిది మాస్టారూ?

మా గైడుగారు నా ఎం.ఫిల్. టాపిక్‌ని ఒక పాత ప్రశ్నపత్రం వెనకాల రాసిచ్చారు. "గ్రీకు, రోమన్ ట్రాజెడీల్లో ట్రాజిక్ ఫ్లా." ట్రాజిక్ ఫ్లా అంటే హీరోని పడగొట్టే అతని స్వభావలోపం. తొంభైల మొదట్లో మాట ఇది. హైదరాబాదులో ఇంగ్లీషు ఎం.ఏ. అయ్యి, అక్కడే ఎం.ఫిల్.లో చేరాను. అప్పట్లో టాపిక్ మనం ఎంచుకోవడం తక్కువ. గైడుగారి బీరువాలో ఏ పుస్తకాలుంటే మన పరిశోధన అటు నడిచేది. మా మాస్టారి బీరువాలో లోబ్ క్లాసికల్ లైబ్రరీ పుస్తకాలుండేవి. గ్రీకువి ఆకుపచ్చ అట్టలు, లాటినువి ఎర్రట్టలు. ఎడమ పేజీలో మూలం, కుడి పేజీలో ఇంగ్లీషు. తాళంచెవి ఎప్పుడూ ఆయన చొక్కా జేబులోనే. న్యూస్‌పేపరుతో అట్ట వేసుకొస్తానంటేనే పుస్తకం చేతికిచ్చేవారు, అదీ ఒకసారికి ఒక్కటే.

టాపిక్ విని హాస్టల్లో అందరూ "అదృష్టవంతురాలివే, ఇట్టే అయిపోతుంది" అన్నారు. వాళ్ళ ధీమాకి కారణం లేకపోలేదు. బజారు గైడ్లు చదివి డిగ్రీ గట్టెక్కిన వాళ్ళం కదా, జవాబులన్నీ కంఠతా వచ్చు. ఈడిపస్‌కి గర్వం, కోపం. క్రియాన్‌కి మొండితనం. మెడియాకి పగ. ఫీడ్రాకి కామం. హీరోకో జబ్బు, జబ్బుకో చావు. మధ్యలో రెండు కొటేషన్లు ఇరికిస్తే చాప్టరు తయారు.

మాస్టారు మాత్రం ఆ జాబితా విని, "ముందు అరిస్టాటిల్ ఏమన్నాడో చూడమ్మాయ్, తర్వాత వాళ్ళ జబ్బుల సంగతి చూద్దాం" అన్నారు.

చూస్తే ఏముంది? ట్రాజెడీ ఎలా ఉండాలో ఆయన చెప్పిన 'పొయటిక్స్' చాలా చిన్న పుస్తకం. 13వ అధ్యాయంలో ఆయన చెప్పేది ఇంతే: మహా మంచివాడు నాశనమైతే మనకి రోత పుడుతుంది, దుర్మార్గుడు నాశనమైతే జాలి పుట్టదు, కాబట్టి మధ్యరకం మనిషి, దుర్మార్గం వల్ల కాకుండా ఏదో ఒక 'హమార్షియా' వల్ల పడిపోవాలి. ఈడిపస్, థయెస్టీస్ అని పేర్లు చెప్పి ముందుకెళ్ళిపోతాడు. అదేమిటో విడమరచడు. పైగా తర్వాతి అధ్యాయంలోనే, చంపబోయే మనిషి ఎవరో ఆఖరి క్షణంలో గుర్తుపట్టి ఆగిపోయే కథ అన్నిటికన్నా మేలంటాడు. విషాదంతో ముగియాలని ఇందాకే చెప్పాడు కదా అని మనం అడగడానికి ఆయన లేడు. పండితులు మాత్రం ఆ రెండు అధ్యాయాలకీ సంధి కుదర్చడానికి వందల పేజీలు ఖర్చు పెట్టారు.

మన గైడ్లు 'ఫ్లా' అనేది ఈ హమార్షియానే. ఆ గ్రీకు మాటకి 1895లో బుచర్ చేసిన ఇంగ్లీషు అనువాదంలో పొరపాటు, బలహీనత అని రెండు మాటలూ ఉన్నాయి. 1909లో బైవాటర్ దాన్ని అంచనాలో పొరపాటు అన్నాడు. ఈ రెండిటికీ మధ్య, 1904లో, బ్రాడ్లీ షేక్‌స్పియర్ ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చాయి. హీరో పతనానికి విత్తనం వాడి స్వభావంలోనే ఉంటుందన్న ఆలోచన క్లాసురూముల్లో అక్కడి నుంచే బాగా పాతుకుంది. మాక్‌బెత్ కొలతలకి కుట్టిన చొక్కా తెచ్చి ఈడిపస్‌కి తొడిగారు. అది పట్టలేదు.

'హ్యూబ్రిస్' సంగతీ అంతే. మన గైడ్లలో అది అహంకారం. ఏథెన్స్‌లో అది కోర్టుకెక్కే నేరం. ఎదుటివాణ్ణి అవమానించాలనే కొట్టడం, పరువు తీయడం. వక్త డెమోస్తనీస్‌ని నాటకోత్సవంలో అందరి ముందూ మిడియాస్ అనేవాడు చెంపదెబ్బ కొడితే, ఆయన రాసిన ప్రసంగమంతా ఈ నేరం చుట్టూనే తిరుగుతుంది. అరిస్టాటిల్ హమార్షియా గురించి చెప్పిన చోట హ్యూబ్రిస్ ఊసే లేదు. ఎవరు ఎప్పుడు ఆ రెండిటికీ ముడిపెట్టారో గానీ, మన సిలబస్‌లో మాత్రం అవి విడాకులు లేని దంపతులు.

కోఠీ ఫుట్‌పాత్ మీద, ఈడిపస్ కుటుంబం గురించి సోఫోక్లీస్ రాసిన థీబ్స్ నాటకాలు, వాట్లింగ్ అనువదించిన పెంగ్విన్ ప్రతి దొరికింది. దాని పాత యజమాని ఎవరో గానీ పట్టుదల గల మనిషి. ఈడిపస్ గొంతు పెంచిన ప్రతిచోటా మార్జిన్లో పెన్సిలుతో "ప్రైడ్" అని రాసుకున్నాడు. జోస్యుడు టైరీసియస్‌తో గొడవ దగ్గర రెండుసార్లు. ఆ పెన్సిలు గీతలతో వాదించుకుంటూనే నాటకం చదివాను.

మూడుదార్ల కూడలి దగ్గర జరిగింది ఈడిపస్ నోటే వినాలి. ఎదురుగా బండి వస్తోంది. ముందు నడిచేవాడు, బండిలోని ముసలాయన కలిసి ఇతన్ని దారిలోంచి తోసేయబోతారు. నెట్టిన బండివాణ్ణి ఇతను కొడతాడు. పక్కనుంచి దాటిపోతుంటే ముసలాయన కాచుకుని, రెండు మొనల ముల్లుగర్రతో నడినెత్తిన పొడుస్తాడు. ఇతని చేతికర్ర లేస్తుంది, ముసలాయన బండిలోంచి వెల్లకిలా పడతాడు. కోపం లేదని ఎవరంటారు? ఉంది. కానీ ఈ నాటకం చూసి మనం వణికేది దారినపోయే ముసలాయన్ని చంపాడని కాదు. ఆ ముసలాయన తండ్రి అని. ఆ సంగతి ఇతనికి తెలియదు. తండ్రిని చంపుతావని జోస్యం విని, చంపకూడదనే కదా తను పెరిగిన కోరింత్ విడిచి వచ్చింది! ఎంత శాంతమూర్తి అయినా, కన్నతండ్రి ఎవరో తెలియనివాడికి ఆ శాంతం ఏ మూలకి?

సోఫోక్లీస్ చనిపోయాక, క్రీ.పూ. 401లో ఆయన మనవడు ప్రదర్శించిన 'కొలోనస్‌లో ఈడిపస్' నాటకంలో గుడ్డి ముసలి ఈడిపస్ తన బావమరిది క్రియాన్‌ని నిలదీస్తాడు: ఇప్పటికిప్పుడు నిన్నెవడైనా చంపడానికి వస్తే, నువ్వు మా నాన్నవా అని అడుగుతావా, తిరగబడతావా? ఆ పేజీ చదివాక పెంగ్విన్ మార్జిన్లోని పెన్సిలాయన మీద జాలేసింది.

అదే రోజుల్లో మాస్టారు ఎక్కణ్ణించో తెప్పించిన ఒక జిరాక్స్ నా చేతిలో పెట్టారు. 1966లో 'గ్రీస్ అండ్ రోమ్' పత్రికలో ఇ.ఆర్. డాడ్స్ రాసిన వ్యాసం. ఆక్స్‌ఫర్డ్‌లో తను దిద్దిన ఈడిపస్ జవాబుల్ని ఆయన మూడు రకాలుగా విడదీస్తాడు. ఈడిపస్ తప్పు చేశాడు గనక శిక్ష పడిందని కొందరు. విధి ఆడించిన బొమ్మ అని కొందరు. కళాకారుడికి ఈ గొడవలెందుకని ఇంకొందరు. మూడూ కాదంటాడు డాడ్స్. ఆక్స్‌ఫర్డ్ పిల్లలూ మనలాగే రాస్తారన్న వార్త ఆ రాత్రి మెస్సులో అందరికీ చెప్పాను. ఎవరూ నమ్మలేదు.

సెలవులకి రాజమండ్రి వెళ్ళినప్పుడు ఆ ఎర్రట్ట, పచ్చట్ట పుస్తకాలు నాతోనే వచ్చేవి. మధ్యాహ్నం పూట వీధి అరుగు మీద అమ్మమ్మ చింతపండు ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని చదువుకునేదాన్ని. ఏం చదువుతున్నావే అంటే యూరిపిడిస్ రాసిన హిప్పొలిటస్ కథ చెప్పాను. రాజు థీసియస్, ఆయన రెండో భార్య ఫీడ్రా, సవతి కొడుకు మీద ఆమెకి మోహం, అతను కాదనడం, తనని చెరిచాడని ఆమె ఉత్తరం రాసిపెట్టి చావడం, తండ్రి నమ్మి శపించడం. నేను సగంలో ఉండగానే అమ్మమ్మ చేతిలో చింతపండు కింద పెట్టేసింది.

"ఇది మన సారంగధరుడి కథే కదటే!"

నిజమే మరి. మా ఊళ్ళో సారంగధర మెట్ట అని గుట్టే ఉంది. రాజరాజ నరేంద్రుడు, చిత్రాంగి, పావురాయి, ఆ మెట్ట మీద కాళ్ళూ చేతులూ నరికించడం, ఇదంతా అమ్మమ్మకి నిన్నో మొన్నో పక్కవీధిలో జరిగినంత దగ్గర. చరిత్రలో నన్నయగారి రాజుకి ఉన్న కొడుకు కులోత్తుంగుడు. సారంగధరుడు కథల్లోనే ఉన్నాడు. ఆ మాట అమ్మమ్మతో అనే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. పాత కథల్లో సిద్ధుడొచ్చి కాళ్ళూ చేతులూ మొలిపిస్తాడు. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు దాన్ని విషాదాంతం చేసి 'విషాద సారంగధర' రాశారు. తెలుగులో ట్రాజెడీ అంటే అందరూ మొదట చెప్పే పేరు అదే. అమ్మమ్మ నాటకంలో చూసింది విషాదాంతాన్నే.

అంతలో లోపల్నుంచి మా అమ్మ అందుకుంది. "తప్పు అతనిది మాత్రం కాదా? తోటివాడు వద్దన్నా వినకుండా, మొగుడు ఊళ్ళో లేనప్పుడు ఆవిడ మేడలోకి వెళ్ళడం ఎందుకూ? పావురాయి పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు."

"పావురాయి అక్కడ వాలితే వాడేం చేస్తాడే? వాలిన చోటికేగా వెళ్తాడు" అంది అమ్మమ్మ. "తప్పు రాజుది. కన్నకొడుకుని ఒక్కమాట అడగొద్దూ? సాక్ష్యం లేదు, విచారణ లేదు, నరికేయమనడమే!"

వాళ్ళిద్దరూ సాయంత్రం దీపం పెట్టేదాకా తేల్చుకోలేదు. నేను లేచి లోపలికెళ్ళి హిప్పొలిటస్ నాటకం చివరి పేజీలు తీశాను. ఆర్టెమిస్ దేవత వచ్చి థీసియస్‌ని కడిగేసే చోటు. నువ్వు రుజువు కోసం ఆగలేదు, జోస్యుల మాట కోసం ఆగలేదు, విచారించలేదు, కాలం గడవనివ్వలేదు, శాపం విసిరేసి కొడుకుని చంపుకున్నావు అంటుంది. అక్షరాలా అమ్మమ్మ మాటే. కాస్త కిందకొస్తే అదే దేవత, తెలియక చేశావు గనక నీ హమార్షియాకి దుర్మార్గం అంటదు అంటుంది. అరిస్టాటిల్ పుట్టకముందు, క్రీ.పూ. 428లో మొదటి బహుమతి కొట్టిన నాటకంలో, ఆ మాట అంత స్పష్టంగా కనిపించేసరికి పెన్సిలు తీసుకుని గీత గీయబోయి, అది మాస్టారి పుస్తకమని గుర్తొచ్చి ఆగాను.

అయితే అమ్మ ప్రశ్న కూడా తీసిపారేసేది కాదు. మొదటి సన్నివేశంలోనే ఒక ముసలి సేవకుడు హిప్పొలిటస్‌కి చెబుతాడు: గుమ్మం దగ్గరున్న ప్రేమదేవత ఆఫ్రొడైటీకి ఒక్క నమస్కారం పెట్టవయ్యా. నేను శుచిగా ఉండేవాణ్ణి, ఆవిడకి దూరం నుంచే దణ్ణం అని వెళ్ళిపోతాడు వీడు. ఆ బిగువు చూస్తే చిరాకేస్తుంది. కానీ చిరాకు తెప్పించేవాళ్ళందరినీ, హిప్పొలిటస్‌ని ఈడ్చి చంపినట్టు, గుర్రాలు రాళ్ళ మీద ఈడ్చుకుపోవు కదా.

నాకు అప్పుడే అర్థమవడం మొదలైంది, మనం ఫ్లా కోసం ఎందుకంత వెతుకుతామో. మా వీధిలో ఎవరింట్లో ఏ కష్టమొచ్చినా "చేసుకున్నవారికి చేసుకున్నంత మహదేవా" అని ఒక మాట పడేవాళ్ళు ఉండేవారు. అన్నాక వాళ్ళు హాయిగా నిద్రపోగలరు. ఆ తప్పు మనం చేయలేదు గనక ఆ కష్టం మనకి రాదు. బజారు గైడు కూడా చేసేది అదే. ఈడిపస్‌కి కోపం ఎక్కువ, మనకి లేదు, పది మార్కులు. సోఫోక్లీస్ రాసింది మాత్రం మనల్ని అలా తప్పించుకోనివ్వదు.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది డయనీరా. ఆవిడ ఉన్న సోఫోక్లీస్ 'ట్రాకిస్ స్త్రీలు' నాటకం ఎం.ఏ.లో ఎవరూ చెప్పరు, పరీక్షకి రాదు. మహావీరుడు హెరాక్లీస్ భార్య. మొగుడు యుద్ధం నుంచి వస్తూ అయోలీ అనే పడుచుపిల్లని ఇంటికి పంపిస్తాడు. ఈవిడ ఆ పిల్ల మీద అరవదు, మొగుణ్ణి తిట్టదు. ఎప్పుడో నెస్సస్ అనే సెంటార్, అంటే సగం మనిషి సగం గుర్రం, హెరాక్లీస్ చేతిలో చచ్చిపోతూ, నా రక్తం దాచుకో, నీ మొగుడు ఇంకో ఆడదాని వైపు చూడకుండా చేస్తుంది అని చెప్పి ఉంటాడు. ఆ రక్తాన్ని గొర్రె ఉన్ని కుచ్చుతో కొత్త అంగీకి పూసి, పెట్టెలో పెట్టి మొగుడికి పంపిస్తుంది. ఎండ తగలనివ్వకూడదని చెప్పాడు గనక ఇంట్లో చీకట్లోనే పూస్తుంది.

పెట్టె వెళ్ళిపోయింది. పూసిన ఉన్ని కుచ్చుని ఊరికే ఎండలోకి విసిరేసింది. వెనక్కొచ్చి చూస్తే అది ఎవరూ ముట్టకుండానే తనంతట తను కరిగిపోతోంది. రంపపుపొట్టులా పొడైపోయి, పడ్డచోట నేల మీద ద్రాక్షరసం ఒలికినట్టు నురగ పొంగుతోంది. అప్పటికి ఆ అంగీ ఎక్కడో హెరాక్లీస్ ఒంటి మీద ఉంటుంది. తనని చంపినవాడి పెళ్ళానికి ఆ సెంటార్ మేలెందుకు చేస్తాడు అన్న ఆలోచన ఆవిడకి అప్పుడొస్తుంది, నురగ చూస్తూ.

తర్వాత ఆవిడ చచ్చిపోయాక కొడుకు హిల్లస్, ఆ అంగీ విషంతో చావబోతున్న తండ్రితో అంటాడు, మంచి చేయాలనుకుంది, పొరపడింది, అంతే. గ్రీకులో ఆ వాక్యం చాలా చిన్నది. లెక్కల క్లాసులో నేర్చుకున్న ఆల్ఫా, థీటా, సిగ్మాల పుణ్యమా అని కూడబలుక్కుంటూ చదువుకున్నాను. ఆ ఒక్క వాక్యం ఇచ్చిన వెలుగు మీదే నా రెండో చాప్టరంతా నడిచింది.

'ఆంటిగొనీ' నాటకంలో క్రియాన్ సంగతి వేరు. తన ఆజ్ఞ మీరి తోడబుట్టినవాడి శవం మీద మట్టి వేసిందని ఆంటిగొనీని గుహలో మూసేయించిన రాజు. అతనిది మొండితనమే, తనే ఒప్పుకుంటాడు. కానీ అక్కడా ఒక మెలిక ఉంది. టైరీసియస్ బెదిరించాక అతను దిగొస్తాడు. ముందు పిల్లని విడిపించు, తర్వాత శవానికి సమాధి కట్టు అని కోరస్, అంటే నాటకంలో పాడే ఊరి పెద్దల బృందం, వరస చెబుతుంది. అతను ముందు శవం దగ్గరికి వెళ్ళి, కడిగించి, దహనం చేయించి, మట్టి పోయించి, ఆ తర్వాత ఆంటిగొనీని పెట్టిన గుహకి వెళతాడు. అప్పటికే ఆవిడ ఉరి వేసుకుంది. చివరికి ముంచింది మొండితనం కాదు, ఆ పూట రెండు పనుల వరస తారుమారైంది. గైడ్లలో ఈ సంగతి ఉండదు.

రోమన్ ట్రాజెడీ అని టాపిక్‌లో గంభీరంగా ఉంటుంది గానీ, తీరా చూస్తే పూర్తి నాటకాలు మిగిలింది సెనెకా పేరు మీదే. ఎనియస్, పకూవియస్, అక్కియస్ రాసినవి ముక్కలు ముక్కలుగానే దక్కాయి. సెనెకా పేరున ఉన్న పదిలోనూ 'ఆక్టేవియా' ఆయనది కాదు, 'హెర్క్యులిస్ ఈటేయస్' కూడా ఆయనది కాదనే ఎక్కువమంది అనుమానం. ఈయన రోమన్ చక్రవర్తి నీరోకి గురువు. కోపం మీద మూడు భాగాల గ్రంథం రాసిన స్టోయిక్, అంటే ఉద్వేగాల్ని బుద్ధితో అణచాలనే తత్వవేత్త. క్రీ.శ. 65లో ఆ శిష్యుడి ఆజ్ఞ మీదే నరాలు కోసుకున్నవాడు.

ఆయన మనుషులకి తెలియకపోవడమనే వెసులుబాటు లేదు. ఆయన ఫీడ్రా దాదితో అంటుంది, నువ్వు చెప్పేది నిజమని నాకు తెలుసు, అయినా ఈ పిచ్చి నన్ను చెడ్డ దారికే లాగుతోంది అని. తెలిసి, చెప్పి, ఆ తర్వాతే చేస్తారు. ఆయన పేరున ఉన్న 'హెర్క్యులిస్ ఈటేయస్'లో డయనీరా మొదట మొగుణ్ణి చంపేస్తానని ఊగిపోతుంది, దాది పట్టి ఆపాల్సి వస్తుంది. ఉన్ని కుచ్చు చూసి తెల్లబోయిన ఆ మనిషేనా ఈవిడ అనిపిస్తుంది. నిజం చెప్పాలంటే నాకు సెనెకా మొదట్లో నచ్చలేదు. అరుపులు ఎక్కువ, దయ్యాలు ఎక్కువ, రక్తం మరీ ఎక్కువ. అట్రియస్ తన తమ్ముడు థయెస్టీస్ పిల్లల్ని కోసి వండి తమ్ముడికే పెట్టే నాటకం చదివిన రోజు మెస్సుకి వెళ్ళలేదు.

కానీ ఆయన 'ఫీడ్రా' ఆఖరి పేజీ ఒకటుంది. కొడుకు ఒంటి ముక్కలు తెచ్చి పోస్తే థీసియస్ వాటిని ఒక్కొక్కటే ఏరి, ఏది ఎక్కడిదో పేర్చడానికి కూర్చుంటాడు. ఒక ముక్క చేతికొస్తుంది, ఆకారం లేదు. ఇది నీలో ఏ భాగమో తెలియడం లేదురా, కానీ నీదే అంటాడు. ఆ సెలవుల్లోనే దీన్ని కూడా అమ్మమ్మకి చదివి చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మన రాజుకి ఆ పనైనా పెట్టలేదే కథలో" అంది.

థీసిస్‌లో చివరికి తేల్చింది, స్వభావంలో లోపమనే మాటని గ్రీకు నాటకాల మీద రుద్దకూడదని, అక్కడ పని ముందు జరిగిపోయి నిజం ఆలస్యంగా తెలుస్తుందని, సెనెకా దగ్గర నిజం మొదటి నుంచీ చేతిలోనే ఉంటుందని. అరిస్టాటిల్ 'నికోమాకియన్ ఎథిక్స్' ఐదో భాగంలో దురదృష్టం, పొరపాటు, అన్యాయం అని చేసిన విభజన నాకు అడ్డం పడి కాపాడింది.

వైవాకి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మొత్తం విని, కళ్ళజోడు తీసి, "టైటిల్లో ట్రాజిక్ ఫ్లా అని పెట్టావు. లోపల అన్ని నాటకాల్లోనూ అది లేదంటున్నావు. మరి ఫ్లా ఎక్కడుందమ్మా?" అన్నారు.

"టైటిల్లోనే ఉంది సార్" అన్నాను.

మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. టైటిల్ ఆయనదే కదా. డిగ్రీ వచ్చింది. ఆ సాయంత్రం ఆయనే ఇరానీ చాయ్ తాగించి, లోబ్ ఎర్రట్ట సెనెకాని మాత్రం గుర్తుపెట్టుకుని అడిగి వెనక్కి తీసుకున్నారు.

ఇప్పుడు ఆ పుస్తకాలకి తాళంచెవి అక్కర్లేదు. పర్సియస్ వెబ్‌సైట్‌లో గ్రీకు మాట మీద నొక్కితే అర్థం, వ్యాకరణం అన్నీ వచ్చి వాలతాయి. నేను అవ్వడానికి లెక్చరర్నయ్యాను, ఏటా ఈడిపస్ చెబుతాను. ముల్లుగర్ర గురించి, మూడుదార్ల కూడలి గురించి గొంతు పోయేలా చెబుతాను, పిల్లలు శ్రద్ధగా వింటారు. పరీక్షలో "ఈడిపస్ ట్రాజిక్ ఫ్లా హ్యూబ్రిస్" అని రాస్తారు. మార్కులు వేస్తాను. యూనివర్సిటీ పంపే కీలో అదే ఉంటుంది మరి.